వైరు కొనే ముందు మేడెక్కి కొలవండి

ప్రశ్న: నేను భీమవరంలో లెక్కల మాస్టారిని. రెండు నెలల క్రితం హామ్ రేడియో (సరదాకి సొంతంగా నడుపుకునే రేడియో స్టేషన్) లైసెన్స్ చేతికొచ్చింది, వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్, అంటే గాలిలో నా స్టేషన్ పేరు. పది వాట్ల మైక్రో బిట్‌ఎక్స్ రేడియో కొనుక్కున్నాను. ట్యూనర్ (యాంటెన్నాని రేడియోకి సరిపెట్టే పెట్టె) లేదు. యాంటెన్నా దగ్గరికొచ్చి ఆగిపోయాను. ఒకరు డైపోల్ (మధ్యలో కేబుల్ తగిలే రెండు చేతుల తీగ) కట్టమంటారు, ఒకరు ఎండ్‌ఫెడ్ (చివరన కేబుల్ తగిలే తీగ) అంటారు, ఒక పెద్దాయన జీ5ఆర్‌వీని మించింది లేదంటారు, ఇంకొకరు రెడీమేడ్ వర్టికల్ కొనేసి హాయిగా ఉండమంటారు. మాది రెండంతస్తుల సొంత ఇల్లు. మేడ 12 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. మెట్ల గది ఒక మూలన ఉంది. ఆ మూల అవతల పక్కింటివాళ్ళ పెరట్లో కొబ్బరి చెట్లున్నాయి. ఆదివారాలు పేరుపాలెం బీచ్‌కి, సెలవుల్లో అరకు వైపు రేడియో పట్టుకెళ్ళాలని ఉంది. ఇంటికీ బయటికీ ఒకే వైర్ యాంటెన్నాతో సరిపెట్టుకోవచ్చా? తుఫాను వచ్చి ఫోన్లు పోతే హైదరాబాద్ దాకా మాట అందాలంటే ఏది మేలు?

సమాధానం: మాస్టారూ, మీకు సలహా చెప్పిన నలుగురూ అబద్ధం చెప్పలేదు. ఎవరింటికి ఏది కుదిరిందో అది చెప్పారు. మీ ఇంటి కొలతలు మాత్రం వాళ్ళెవరూ అడిగినట్టు లేరు. మీరు ఉత్తరంలో మేడ కొలతలు రాశారు చూడండి, ఆ ఒక్క వాక్యంతోనే నా పని సగం అయిపోయింది.

హైదరాబాద్ సంగతి మీరు చివర్లో అడిగారు కానీ, నేను అక్కణ్ణుంచే మొదలుపెడతాను. భీమవరం నుంచి హైదరాబాద్‌కి మ్యాపు మీద నేరుగా గీత గీస్తే సుమారు 340 కిలోమీటర్లు. మీ సిగ్నల్ నేల వెంట అంత దూరం పోలేదు. పైకి వెళ్ళి, దాదాపు 300 కిలోమీటర్ల ఎత్తులో ఉండే అయనోవరణం పొర దగ్గర వంగి కిందికి రావాలి. సగం దూరం 170, ఎత్తు 300. మీకు నేను చెప్పక్కర్లేదు, ఆ కోణం 60 డిగ్రీలు వస్తుంది. అంటే హైదరాబాద్‌తో మాట్లాడాలంటే సిగ్నల్‌ని దిగంతం వైపు కాదు, దాదాపు నడినెత్తి మీదకి పంపాలి. నిలువుగా నిలబెట్టే వర్టికల్ యాంటెన్నా సరిగ్గా ఆ పనే సరిగా చేయదు. దాని బలమంతా కింది కోణాల్లో, 15-20 డిగ్రీల దగ్గర ఉంటుంది. అందుకే రెడీమేడ్ వర్టికల్ కొన్న మన కుర్రాళ్ళు ఇటలీ వాళ్ళతో మాట్లాడతారు, విజయవాడ మాత్రం వినపడదు.

అడ్డంగా కట్టిన తీగ అలా కాదు. మరీ ఎత్తులో లేని 40 మీటర్ల డైపోల్ (తీగ పొడవు కాదు, తరంగం పొడవు 40 మీటర్లు, అంటే 7 మెగాహెర్ట్జ్ బ్యాండు) తన శక్తిలో ఎక్కువ భాగాన్ని పైకే విసురుతుంది. పగటిపూట మన ప్రాంతంలో 7 మెగాహెర్ట్జ్ సిగ్నల్ చాలాసార్లు పైనుంచి తిరిగొస్తుంది కాబట్టి తెలుగు జిల్లాలన్నీ, కాస్త ఆవల చెన్నై, బెంగళూరు కూడా, మీ చుట్టూ గొడుగు పట్టినట్టు అందుతాయి. రాత్రి పొద్దుపోయాక ఆ గొడుగుకి నడిమధ్యలో చిల్లు పడుతుంది, దూరం వాళ్ళు వినిపించి దగ్గరి వాళ్ళు మాయమవుతారు. అది యాంటెన్నా తప్పు కాదు, దాన్ని విప్పి మళ్ళీ కట్టుకుంటూ కూర్చోకండి.

తుఫాను మాట ఎత్తారు కాబట్టి ఒక సంగతి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు అండమాన్‌లో భారతి ప్రసాద్ అనే హామ్ ఆపరేటర్ పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నారు. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున, సరదాగా దూరం వాళ్ళతో కాంటాక్టుల కోసం వెళ్ళిన యాత్ర అది. ఫోన్లు పోయాక అదే స్టేషన్ క్షేమ సమాచారాలు మోసింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖని తాకినప్పుడు సెల్ టవర్ల గతి ఏమైందో మీకు గుర్తుండే ఉంటుంది. అలాంటి రోజున తీగ యాంటెన్నాకి ఒక సుగుణం ఉంది: కూలితే అరగంటలో మళ్ళీ కట్టుకోవచ్చు. ఇరవై మీటర్ల వైరు, రెండు తాళ్ళు, ఒక వెదురు బొంగు, కారు బ్యాటరీ ఉంటే స్టేషన్ బతికినట్టే.

కాబట్టి ఇంటికి 40 మీటర్ల ఇన్వర్టెడ్ వీ. మధ్యలో ఎత్తి, రెండు చేతులు కిందికి వాల్చిన డైపోల్. ఎండ్‌ఫెడ్ సంగతికి తర్వాత వస్తాను, దానికి వేరే పని ఉంది.

పెద్దాయన చెప్పిన జీ5ఆర్‌వీ గురించి ముందు తేల్చేద్దాం. లూయీ వార్నీ అనే ఇంగ్లీషాయన 1946లో తయారుచేశాడు, ఆయన కాల్‌సైనే దానికి పేరైంది. పొడవు 102 అడుగులు, అంటే 31 మీటర్లు. 14 మెగాహెర్ట్జ్ మీద మూడు అర్ధ తరంగాల తీగగా పనిచేసేలా లెక్కేశాడు. మిగతా బ్యాండ్లలో వాడాలంటే ట్యూనర్ కావాలి. మీ మేడ మీద 31 మీటర్లు పట్టవు, మీ దగ్గర ట్యూనర్ లేదు. పెద్దాయన పెరడు పెద్దది అయ్యుంటుంది.

ఇప్పుడు కొలత. అర్ధ తరంగ డైపోల్ మొత్తం పొడవు మీటర్లలో కావాలంటే 142.5ని మెగాహెర్ట్జ్‌తో భాగించండి. 7.1కి 20 మీటర్లు వస్తుంది, ఒక్కో చెయ్యి 10 మీటర్లు. అయితే ఈ లెక్క తొడుగు లేని రాగి తీగది. మనం వాడేది ఇంటి వైరింగ్‌కి వాడే పీవీసీ తొడుగున్న వైరు. ఆ తొడుగు వల్ల రెండు మూడు శాతం తక్కువ పొడవుకే తీగ అదే ఫ్రీక్వెన్సీకి పలుకుతుంది. చేతులు కిందికి వాల్చినందుకు, చివర్లు స్లాబుకి దగ్గరైనందుకు ఇంకాస్త మారుతుంది. ఎంత మారుతుందో పుస్తకంలో దొరకదు, మీ మేడే చెప్పాలి. అందుకే ఒక్కో చెయ్యి 10.3 మీటర్లకి కోయండి. కట్టండి. నానో వీఎన్ఏ (యాంటెన్నాని కొలిచే చిన్న పరికరం) ఎవరి దగ్గరైనా ఉంటే ఒక్క సాయంత్రం అరువు తెచ్చుకోండి. ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన శక్తిలో ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే కొలత) అట్టడుగుకి వచ్చేది 6.9 దగ్గర అనుకుందాం. అప్పుడు 10.3ని 6.9తో గుణించి 7.1తో భాగించండి, 10.01 వస్తుంది. అంటే ఒక్కో చెయ్యి 29 సెంటీమీటర్లు తగ్గాలి. కత్తెర మాత్రం తీయకండి. ఆ 29 సెంటీమీటర్లూ వెనక్కి మడిచి అదే వైరుకి మెలిపెట్టండి చాలు, తీగ పొట్టయినట్టే. కోసిన వైరు మళ్ళీ అతకడం అందరం చేశాం, మీరూ చేయాల్సిన పనిలేదు.

మేడ 9, 12 అన్నారు కదా. మూల నుంచి మూలకి 15 మీటర్లు, 3-4-5 త్రిభుజమే. మెట్ల గది స్లాబు మీద ఒక నాలుగున్నర మీటర్ల పైపు నిలబెడితే మేడ నేల నుంచి మొత్తం 7 మీటర్ల ఎత్తు వస్తుంది. చివర్లని మనిషి చెయ్యి అందని ఎత్తులో, రెండున్నర మీటర్ల దగ్గర కట్టాలి. 10 మీటర్ల చెయ్యి నాలుగున్నర మీటర్లు కిందికి దిగితే అడ్డంగా దాదాపు 9 మీటర్లు ఆక్రమిస్తుంది. మెట్ల గది మూలనుంది కాబట్టి ఒక చెయ్యిని ఎదురు మూల వైపు లాగండి, 15 మీటర్లలో సులువుగా పడుతుంది. రెండో చెయ్యి ఆ గీతనే పొడిగించినట్టు ఇంటి బయటికి, కొబ్బరి చెట్టు వైపు పోవాలి. పై నుంచి చూసినా పక్క నుంచి చూసినా రెండు చేతుల మధ్య కోణం 90 డిగ్రీలకి తగ్గకుండా చూసుకోండి. తగ్గితే ఒకదాని పనిని ఇంకొకటి చెడగొట్టుకుంటాయి.

కొబ్బరి చెట్టుకి వైరు గట్టిగా బిగించి కట్టకూడదు. గాలికి తల మూడడుగులు ఊగుతుంది, వైరు తెగుతుంది, లేదా మీ పైపు వంగుతుంది. చెట్టుకి ఒక చిన్న కప్పీ కట్టి, తాడుని దాని మీదుగా కిందికి వదిలి, చివర ఇసుక పోసిన సీసా వేలాడదీయండి. చెట్టు ఊగినప్పుడు సీసా పైకీ కిందికీ ఆడుతుంది, వైరు మీద లాగుడు పడదు. తీగని మట్టల కిందుగా కాకుండా మానుకి పక్కగా పోనివ్వండి, ఎండిన మట్ట ఒకటి పడితే చాలు. కప్పీ కట్టే పని మీరు చేయకండి. దింపు తీసేవాళ్ళు వచ్చిన రోజున అడిగితే ఐదు నిమిషాల్లో కట్టిపెడతారు. తర్వాత దింపులకి వచ్చినప్పుడు మాత్రం ముందే దిగి తాడు వదులు చేయండి, పైన చెట్టెక్కిన మనిషి కాళ్ళకి మన వైరు తగలకూడదు. రేడియోలో మాట్లాడటం ఆపేయాలని వేరే చెప్పాలా.

పక్కింటివాళ్ళు ఒప్పుకోకపోతే? అప్పుడు మెట్ల గదిని మరిచిపోండి. ఏడు మీటర్ల బొంగుని సిమెంటు పోసిన పెద్ద పెయింట్ డబ్బాలో నిలబెట్టి మేడ నడిమధ్యలో పెట్టండి, మూడు వైపులా తాళ్ళతో లాగి కట్టండి. మధ్య నుంచి ఒక్కో మూలకి ఏడున్నర మీటర్లే ఉంది, చెయ్యి పూర్తిగా పట్టదు. ఎనిమిదిన్నర మీటర్లు వాల్చి, మూలలో చిన్న కర్ర పాతి, మిగిలిన ఒకటిన్నర మీటరుని పిట్టగోడ వెంట పక్కకి తిప్పేయండి. భయపడకండి, ఏమీ కాదు. డైపోల్‌లో కరెంటు ఎక్కువగా పారేది మధ్య భాగంలో, ప్రసారం ఎక్కువగా జరిగేది అక్కడే. చివర్లలో వోల్టేజీ ఉంటుంది కానీ కరెంటు దాదాపు ఉండదు. మధ్య భాగం తిన్నగా, ఎత్తుగా ఉంటే చివర్లు ఎటు తిరిగినా నష్టం తక్కువ. చాలామంది దీన్ని తలకిందులుగా అర్థం చేసుకుని, చివర్ల కోసం ప్రాణాలు పెట్టి మధ్యని నేలబారుగా వదిలేస్తారు.

అదే ఫీడ్ పాయింట్ (కేబుల్ తీగకి తగిలే చోటు) నుంచి 20 మీటర్ల బ్యాండుకి ఇంకో జత చేతులు వేలాడదీయండి, ఒక్కోటి 5.2 మీటర్లు కోసి మొదలుపెట్టండి. రెండు జతల చివర్ల మధ్య అర మీటరు పైనే ఎడం ఉండాలి. 15 మీటర్ల బ్యాండుకి వేరే తీగ అక్కర్లేదు, 40 మీటర్ల డైపోల్ మూడు రెట్ల ఫ్రీక్వెన్సీ దగ్గర మళ్ళీ పలుకుతుంది. సరిగ్గా మూడు రెట్లు కాదు, కాస్త పైన. 40ని 7.05 దగ్గరికి ట్యూన్ చేస్తే 21 మెగాహెర్ట్జ్ పై భాగంలో వాడుకోదగ్గ ఎస్‌డబ్ల్యూఆర్ వస్తుంది. ఇలా ట్యూనర్ లేకుండా మూడు బ్యాండ్లు.

ఎస్‌డబ్ల్యూఆర్ గురించి మన గ్రూపుల్లో ఉన్నంత టెన్షన్ దేని గురించీ లేదు. 2:1 అంటే తిరిగొచ్చేది పదకొండు శాతం. మీ మైక్రో బిట్‌ఎక్స్‌లో చివర ఉన్నవి రెండు ఐఆర్ఎఫ్510 ట్రాన్సిస్టర్లు, 2:1 లోపు ఉంచితే వాటికి ఇబ్బంది లేదు. 1.4 వచ్చిందని మళ్ళీ మేడెక్కకండి. నిజానికి నన్ను మోసం చేసింది ఎక్కువ ఎస్‌డబ్ల్యూఆర్ కాదు, తక్కువ ఎస్‌డబ్ల్యూఆర్. ఒక వానాకాలం నా మీటరు అన్ని బ్యాండ్లలోనూ 1.3 చూపించింది. ఆహా అనుకున్నాను. జవాబిచ్చేవాళ్ళు మాత్రం నానాటికీ తగ్గిపోయారు. దసరా సెలవుల్లో కేబుల్ కిందికి దించి, పైచివర ఒక అంగుళం కోస్తే రాగి అల్లిక నల్లగా, తడిగా ఉంది. ఫీడ్ పాయింట్ దగ్గర మామూలు ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేశాను, ఎండకి జిగురు కారి ఊడిపోయింది, నీళ్ళు కేబుల్ లోపలికి దిగాయి. పంపిన శక్తిని తడి కేబులే తాగేస్తుంటే తిరిగొచ్చేదేముంది, మీటరు సంతోషంగానే ఉంటుంది. అప్పటి నుంచి ఆ జాయింటు మీద తనంతట తానే అతుక్కుపోయే రబ్బరు టేపు చుట్టి, దాని మీద మామూలు టేపు వేస్తున్నాను. కేబుల్‌ని పై నుంచి నేరుగా లోపలికి తేకుండా కిటికీ బయట ఒక వంపు కిందికి వదిలితే నీటి చుక్కలు అక్కడే రాలిపోతాయి.

కేబుల్ ఏది? ఇరవై మీటర్ల ఆర్‌జీ-58 వాడితే 7 మెగాహెర్ట్జ్ దగ్గర మీ పది వాట్లలో ఎనిమిదికి పైగా తీగకి చేరతాయి. చాలు. ఇంట్లో పాత డిష్ టీవీ కేబుల్ చుట్ట పడి ఉంటే దాన్నీ చిన్నచూపు చూడకండి. ఆర్‌జీ-6 అది, 75 ఓమ్‌లది, నష్టం తక్కువ. 50 ఓమ్‌ల రేడియోకి తగిలిస్తే మీటరు ఒకటిన్నర దాకా చూపించవచ్చు, చూపించనివ్వండి. దాని చిక్కంతా అల్యూమినియం అల్లిక, టంకం పట్టదు. స్క్రూతో బిగించే కనెక్టర్లు వాడుకోవాలి.

ఫీడ్ పాయింట్ దగ్గర బాలన్ పెట్టండి. పెద్ద పేరే కానీ, మీ అవసరానికి కేబుల్‌ని సరైన ఫెర్రైట్ రింగు మీద పది పన్నెండు చుట్లు చుట్టడమే. అది లేకపోతే కేబుల్ బయటి తొడుగు కూడా యాంటెన్నాలో భాగమైపోయి ఇంట్లోని ఎల్ఈడీ బల్బుల, ఇన్వర్టర్ల రొదంతా రేడియోలోకి మోసుకొస్తుంది. రింగు కొనేటప్పుడు ఒక జాగ్రత్త. పాత కంప్యూటర్ పవర్ సప్లైలో పసుపు-తెలుపు రంగు రింగులు దొరుకుతాయి. ముచ్చటగా ఉంటాయి, ఊరికే వస్తాయి, మన పనికి పూర్తిగా దండగ. అవి ఇనుప పొడివి, తక్కువ ఫ్రీక్వెన్సీకి చేసినవి. మీకు కావాల్సింది 43 రకం ఫెర్రైట్. పది వాట్లకి ఎఫ్‌టీ140-43 సైజు సరిపోతుంది.

ఆ రింగులు రెండు మూడు కొనండి, బయటికి తీసుకెళ్ళే ఎండ్‌ఫెడ్‌కి కూడా కావాలి.

ఒకే యాంటెన్నా ఇంటికీ బయటికీ అన్నారు. కుదురుతుంది, కానీ ప్రతి ఆదివారం మేడ మీద నుంచి విప్పి, రాత్రికి మళ్ళీ కట్టాలి. మూడో ఆదివారానికి బీచ్‌కి వెళ్ళడం మానేస్తారు. రెండు చేసుకోండి. మన షాపుల్లో వైరు 90 మీటర్ల చుట్టగా అమ్ముతారు. ఇంటి డైపోల్‌కి 31 మీటర్లు, ఎండ్‌ఫెడ్‌కి 21, బీచ్ తీగకి 26. మొత్తం 78. ఒక్క చుట్టలో అన్నీ వచ్చేసి పన్నెండు మీటర్లు మిగులుతుంది. వీలైతే బయటి వాటికి వేరే సన్న వైరు కొనుక్కోండి, మోత తగ్గుతుంది, పది వాట్లకి ఎంత సన్నదైనా ఫరవాలేదు.

అరకుకి ఎండ్‌ఫెడ్ ఎందుకంటే, డైపోల్‌కి మధ్యలో కేబుల్ బరువు వేలాడుతుంది, దాన్ని మోయగల స్తంభం కావాలి. ఎండ్‌ఫెడ్ అర్ధ తరంగ తీగకి కేబుల్ చివరన, నేల దగ్గరే తగులుతుంది. చెట్టు మీదికి పోయేది ఒక్క వైరే. తీగ చివర ఇంపెడెన్స్ (కరెంటుకి ఎదురయ్యే అడ్డు) రెండున్నర వేల ఓమ్‌ల దాకా ఉంటుంది, దాన్ని 50కి దించడానికి 49:1 ట్రాన్స్‌ఫార్మర్. ప్రైమరీ 2 చుట్లు, సెకండరీ 14 చుట్లు. చుట్ల నిష్పత్తి ఏడు, ఏడేళ్ళు నలభై తొమ్మిది, మీ పిల్లలకి క్లాసులో చూపించవచ్చు. ప్రైమరీకి అడ్డంగా ఒక 100 పికోఫారడ్ కెపాసిటర్ పెడితే పై బ్యాండ్లలో బాగుంటుంది. 20 మీటర్ల తీగ ఒక్కటే 40, 20, 15, 10 నాలుగు బ్యాండ్లలోనూ ట్యూనర్ లేకుండా పలుకుతుంది. ఇంత సుఖం ఇస్తుంది కాబట్టే ఈమధ్య అందరూ దాని పేరే చెబుతున్నారు. ట్రాన్స్‌ఫార్మర్‌లో కొంత శక్తి వేడిగా పోతుంది, ఆ సుఖానికి అది కిరాయి అనుకోండి.

కొందరు దీనికి భూమి తీగే అక్కర్లేదంటారు. అక్కర్లేకపోవడం ఉండదు, మీరు ఇవ్వకపోతే కేబుల్ తొడుగుని తీసుకుంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర రెండు మీటర్ల వైరు ఒకటి నేల మీద పరవండి, కేబుల్‌కి రేడియో వైపు ఒక ఫెర్రైట్ చోక్ (బాలన్ లాగే రింగు మీద కేబుల్ చుట్లు) పెట్టండి. తీగ చివర్లు ఎవరికీ అందనివ్వకండి. పది వాట్లకే అక్కడ 150 వోల్టుల పైన ఉంటుంది. చంపదు, కానీ వేలు చురుక్కుమని కాలుతుంది. బీచ్‌లో పిల్లలు అన్నీ ముట్టుకుని చూస్తారు.

అరకులో కాఫీ తోటలకి నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు నిటారుగా, ఎత్తుగా ఉంటాయి, వైరు ఎత్తడానికి వాటికి మించినవి లేవు. తోట గిరిజన రైతులది, అడిగి కట్టండి, మానుకి పాకిన మిరియాల తీగ తెగకుండా చూడండి. తాడు కొమ్మ మీదికి పంపడానికి పంగలకర్రే సాధనం. గేలం దారానికి సీసపు గుండు కట్టి కొట్టండి, గుండు అవతల దిగాక దారానికి తాడు, తాడుకి వైరు. మొదటిసారి పది సార్లు గురి తప్పుతుంది. చుట్టూ పిల్లలు పోగై, పదకొండోసారి వాళ్ళలో ఒకడు మీ చేతిలోంచి తీసుకుని కొట్టేస్తాడు. ఇది నా అనుభవం.

ఇక పేరుపాలెం. ఇంతసేపూ వర్టికల్‌ని తిట్టాను కదా, ఇక్కడ మాట మార్చుకుంటున్నాను. ఉప్పు నీటి పక్కన వర్టికల్‌కి ఉన్న బలం ఇంకే తీగకీ లేదు. మామూలు నేల కింది కోణాల్లో పోయే సిగ్నల్‌ని తినేస్తుంది, ఉప్పు నీరు అద్దంలా పంపించేస్తుంది. ఏడు మీటర్ల బొంగు ఇసుకలో పాతి, దానికి నిలువుగా 5 మీటర్ల వైరు కట్టండి, అది 14 మెగాహెర్ట్జ్‌కి పావు తరంగం. అడుగున మోకాలెత్తులో అంతే పొడవున్న వైర్లు నాలుగు నాలుగు వైపులకి లాగండి. రెండే ఉన్నా పనవుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఏమీ అక్కర్లేదు, కేబుల్ నడిమి తీగ పైకి, అల్లిక కింది వైర్లకి. నీటికి ఎంత దగ్గరగా పెడితే అంత మంచిది, ఆటుపోటు చూసుకుని. సాయంత్రం ఐదు దాటాక ఐరోపా వైపు వినండి. పది వాట్లతో, అదీ ఇంట్లో చేసుకున్న వైరుతో, అంత దూరం నుంచి మీ కాల్‌సైన్ తిరిగి వినపడితే ఆ రాత్రి నిద్ర పట్టదు. బొంగు బదులు మడిచే ఫైబర్‌గ్లాస్ గేలం కర్ర దొరికితే ఇంకా మంచిది. కార్బన్ ఫైబర్‌ది మాత్రం కొనకండి, అది కరెంటు పారే పదార్థం, మీ తీగ పక్కన ఇంకో తీగ పెట్టినట్టే.

భీమవరం చుట్టుపక్కల నన్ను భయపెట్టే విషయం ఒకటుంది, రొయ్యల చెరువుల గట్ల వెంట పోయే 11 కేవీ లైన్లు. చాలాచోట్ల కిందికి జారి ఉంటాయి. బొంగు ఎత్తేటప్పుడు పైకి చూడండి. నా లెక్క ఇది: బొంగు ఎటు కూలినా, వైరు ఎటు తెగి ఎగిరినా కరెంటు తీగకి తగలకూడదు. అంత ఎడం లేకపోతే ఆ రోజు ఆ చోట యాంటెన్నా లేదు. ఇంటి దగ్గర సర్వీస్ వైరుకి కూడా ఇదే లెక్క. దాని మీదుగా గానీ, కిందుగా గానీ మీ వైరు దాటకూడదు. కొబ్బరి చెట్టుకీ మీ మేడకీ మధ్య ఏముందో ఉత్తరంలో రాయలేదు, అది చూసుకున్నాకే పక్కింటి తలుపు తట్టండి.

పిడుగుల గురించి క్లుప్తంగా. వేసవి మబ్బు కనబడగానే కేబుల్ రేడియో నుంచి పీకి, చివర కిటికీ బయటికి వదిలేయండి. ఊరెళ్తున్నా అంతే. పవర్ ప్లగ్గు కూడా తీయాలి. కేబుల్ చివరని గాజు సీసాలో పెడితే చాలని పాతకాలం వాళ్ళు చెబుతారు. మబ్బుల నుంచి గాలిని చీల్చుకుంటూ వచ్చిన పిడుగు సీసా దగ్గర ఆగదు.

తాళ్ళ దగ్గర పిసినారితనం వద్దు. పచ్చరంగు ప్లాస్టిక్ తాడు ఎండకి ఏడాదిలో పొడిపొడిగా రాలుతుంది, నాది ఒక వైశాఖపు గాలికి అలాగే తెగి వైరంతా వీధిలో పడింది. పాలియెస్టర్ తాడు తెచ్చుకోండి. చివర్లకి స్టే వైర్లకి వాడే గుడ్డు ఆకారపు పింగాణీ ఇన్సులేటర్లు ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతాయి, లేదా అడ్డంగా కోసిన పీవీసీ పైపు ముక్కకి రెండు చిల్లులు పెట్టినా చాలు.

ఇవన్నీ కొనకముందే చేయాల్సిన పని ఒకటుంది. రేపు సాయంత్రం రేడియోని బ్యాటరీ మీద మేడ మీదికి తీసుకెళ్ళి, పది మీటర్ల వైరు ముక్క తగిలించి 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర ఊరికే వినండి. తర్వాత ఇంటి మెయిన్ ఆఫ్ చేయించి మళ్ళీ వినండి. రొద తగ్గితే దొంగ మీ ఇంట్లోనే ఉన్నాడు, ఒక్కో స్విచ్చి వేస్తూ పట్టుకోవచ్చు. తగ్గకపోతే వీధి లైటో, ఉప్పు గాలికి పాడైన కరెంటు స్తంభం ఇన్సులేటరో అయ్యుంటుంది. ఆ రొద ఏ మూలన తక్కువగా ఉందో అటువైపే బొంగు జరపండి. మెట్ల గది మూలనే తక్కువైతే మీ అదృష్టం, కొబ్బరి చెట్టు కూడా అటే ఉంది.

73.